మెస్ ఈగ, కల్లుకుండ ఈగ



జువాలజీ ప్రాక్టికల్ పుస్తకంలో డ్రోసోఫిలా అనే పేరు చూసి ఏదో విదేశీ పురుగు అనుకున్నాం. సార్ సీసాలో మగ్గిన అరటిపండు వేసి కిటికీ దగ్గర పెట్టమన్నారు. రెండ్రోజుల్లో వచ్చి వాలాయి. చూస్తే ఏముంది, మన ఊళ్లో జీలుగు కల్లుకుండ మూతి చుట్టూ ముసిరే సన్న ఈగల్లాంటివే! ఎర్రటి కళ్లు, ఒళ్లు మూడు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. పులిసిన వాసన తగిలితే చాలు, ఈస్ట్ తినడానికి వచ్చేస్తాయి. 1910లో మోర్గాన్ అనే అమెరికా శాస్త్రవేత్త వీటిలో తెల్లకళ్ల మగ ఈగను చూసి, ఆ కంటిరంగు ఎక్స్ క్రోమోజోమ్‌తో ముడిపడి ఉందని తేల్చాడు. 1933లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. మన తాతలు చేత్తో తోలేసి కల్లు తాగారు, అంతే తేడా.

ఇంక మా మెస్ ఈగ. దానికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు, వీపు మీద నాలుగు నల్ల చారలు. కరవలేదు, నమలలేదు. అన్నం మీద వాలి, ఉమ్ము కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. అంతకుముందు మరుగుదొడ్లో వాలి ఉంటే ఆ మురికి కాళ్ల వెంట్రుకలకు అంటుకుని మన కంచంలోకే వస్తుంది.

మొన్న వానల్లో మా హాస్టల్లో పదిమందికి పైగా వాంతులు, విరేచనాలు. ఇద్దరికి సెలైన్ ఎక్కించారు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి "అడవి నుంచి వచ్చినోళ్లు, శుభ్రం ఏం తెలుస్తది" అన్నాడు. ఎవరం నోరు తెరవలేదు. ఎర్రమట్టితో అలికిన మా ఇళ్లు, అమ్మ మూత పెట్టి ఉంచే అంబలి కుండ గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ల్యాబ్ సీసా మీదే లెక్క దొరికింది. గుడ్డు, పురుగు, ప్యూపా, పదో రోజుకి కొత్త ఈగ. రోజూ రాసుకున్నాం. మెస్ ఈగ చూడ్డానికి దీనికి ఏ పోలికా లేనిదే గానీ, ఎండ బాగా ఉంటే దానికీ దాదాపు అన్ని రోజులే. పైగా ఒక్క విడతకే నూరు గుడ్లు. మరి మా వంటగది వెనక కుళ్లిన కూరగాయల కుప్పని ఎత్తేది ఇరవై రోజులకోసారి! ఇంక శుభ్రం తెలియంది ఎవరికి?

వారానికి రెండుసార్లు చెత్త ఎత్తాలని, ఈ లెక్కంతా రాసి, అందరం సంతకాలు పెట్టి వార్డెన్ సార్‌కి ఇచ్చాం. ఆరు రోజులైంది. కుప్ప అలాగే ఉంది. మీ హాస్టల్లో ఎన్ని రోజులకోసారి ఎత్తుతున్నారో కింద రాయండి, రెండో కాగితంలో అదీ కలుపుతాం.