గ్రంథపాతం

అక్క తెనాలి నుంచి ఫోన్ చేసింది. “ఒరేయ్, నాన్న షష్టిపూర్తి డీవీడీ నీ దగ్గరుందిగా. నాది ఆడటం మానేసింది. పిల్లలకి తలొకటి, రెండు కాపీలు తీసి పంపరా” అంది. మాగాయ జాడీలోంచి రెండు గరిటెలు తీసి సీసాలో వెయ్యమన్నంత తేలిగ్గా అంది. నేనూ అంత తేలిగ్గానే ఊఁ అన్నాను. పావుగంట పనికి పదకొండు రోజులు పట్టింది.

2008లో వీడియో ఆయన ఇచ్చిన డిస్కు ఎక్కడ పాడవుతుందోనని, ఒకే ఇమేజ్ నుంచి నేనే ఇంట్లో రెండు కాపీలు రాసి, ఒకటి అక్కకిచ్చి ఒకటి ఢిల్లీ పక్కన ఇందిరాపురం తెచ్చుకున్నాను. అసలుదాన్ని ఎవరో పట్టుకెళ్లారు. ఎవరన్నది మా బంధువర్గంలో ఇప్పటికీ తేలని వ్యవహారం. అహింసాఖండ్‌లో మా ఫ్లాట్ పడమటి ముఖం. మే నెల మధ్యాహ్నం అటక మీద అప్పడం పెడితే కాలేలా ఉంటుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉన్న డిస్కు, కవరులోంచి ఓ పట్టాన ఊడి రాలేదు. శుభకార్యం డిస్కు కదా అని అమ్మ అప్పట్లో కవరుకి నాలుగు మూలలా పసుపు రాసింది. ఆ పసుపు డిస్కు అంచున చారలా అంటుకుపోయింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే నోరే లేదు. నెహ్రూ ప్లేస్ వెళ్లి యూఎస్‌బీకి తగిలించే రైటర్ కొనుక్కొచ్చాను. డిస్కు పెట్టగానే టక్కు టక్కుమని మూగబోయింది. పోయిందనే అనుకుని అక్కా నేనూ ఫోనులో కాసేపు దుఃఖపడ్డాం. తీరా చూస్తే, మౌసూ కీబోర్డూ పెట్టిన హబ్బుకే దాన్నీ తగిలించాను. మోటారు తిరగడానికి కరెంటు చాలలేదు. నేరుగా ల్యాప్‌టాప్‌కి పెడితే హాయిగా తిరిగింది. కాపీ రాకపోతే ముందు డిస్కుని అనుమానించడం, ఇంట్లో గ్లాసు కనబడకపోతే కొత్త కోడల్ని అనుమానించడం లాంటిది.

తిరిగింది గానీ 87 శాతం దగ్గర ఆగింది. ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని ఓ తిట్టు తిట్టింది. నాలుగుసార్లు పెట్టినా 87 దగ్గరే. డీవీడీలో రాత లోపలి చుట్టు నుంచి మొదలై బయటి అంచుకి పోతుంది. మన వేళ్లు తగిలేదీ, పసుపు అంటేదీ ఆ అంచుకే. అంటే గణపతి పూజ భద్రం, మాంగల్యధారణ భద్రం, చదివింపులు భద్రం. చిక్కల్లా భోజనాల పంక్తి దగ్గరే.

మెత్తటి గుడ్డ సబ్బునీళ్లలో ముంచి మధ్య నుంచి అంచుకి తుడిచాను. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత రాత వెంబడే పోతుంది. తప్పులు దిద్దుకునే లెక్కలు డిస్కులోనే ఉంటాయి. అడ్డంగా పడ్డ సన్నటి గాటుని అవి పూరిస్తాయి గానీ వరసగా చెరిగిన పంక్తిని పూరించలేవు. పసుపు పోయింది, 87 కాస్తా 91 అయింది. మిగతా తొమ్మిదీ తుడిస్తే పోయేది కాదు. కొట్లో కొన్న సినిమా డిస్కులో గుంటలు అచ్చుపోసి ఉంటాయి. ఇంట్లో రాసుకున్నదాంట్లో మాత్రం ఓ రంగుపొర మీద లేజరు వేసిన మచ్చలే సమాచారం. ఎండకీ వేడికీ ఆ రంగు మెల్లగా మారిపోతుంది. మా అటక అంత పని చేసింది.

అప్పుడు తాళపత్రాల లేఖకులు గుర్తొచ్చారు. మూలంలో ఆకు చిరిగినా, పురుగు తిన్నా వాళ్లు రాయడం మానలేదు. అంత మేర ఖాళీ వదిలి ముందుకి సాగారు. పండితులు దాన్ని గ్రంథపాతం అంటారు. చూసింది చూసినట్టు రాశాను, తప్పులుంటే నన్ననకండని చివర ఓ మాట చేర్చి గంటం కింద పెట్టేవాళ్లు. మామూలు కాపీ ప్రోగ్రాముకి ఆ సంస్కారం లేదు. ఒక్క ఆకు చిరిగిందని గ్రంథమంతా విసిరికొడుతుంది. లేఖకుడి బుద్ధి ఉన్నది డీడీరెస్క్యూ అని ఒకటుంది, ఉచితంగానే దొరుకుతుంది. చదవగలిగినంత ముందు చదివేసి, కుదరనిచోట్లని ఓ చిట్టాలో రాసుకుని, తర్వాత తీరిగ్గా వెనక్కొచ్చి మళ్లీ మళ్లీ తడుముతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి 98.

దాని అసలు విద్య ఇంకోటి. అదే ఇమేజ్‌తో రాసిన మరో డిస్కు ఇస్తే, చిట్టా చూసుకుని మొదటిదాంట్లో దక్కనివి మాత్రమే అందులో వెతుకుతుంది. కడపలో సి.పి. బ్రౌన్ పండితుల్ని కూర్చోబెట్టి చేయించిందీ ఇదేగా: ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చడం. అక్క ప్రతిని కొరియర్లో తెప్పించాను. మనవడు బొంగరంలా తిప్పి ఆడాడట, ఒళ్లంతా గీతలే. అయినా నా దాంట్లో లేని పులిహోర, గుత్తొంకాయ అందులో దొరికాయి.

ఇక రాయడానికి ఖాళీ డిస్కులు కావాలి. వైశాలిలో కొట్టు కుర్రాడు జాలిగా చూసి “అంకుల్, పెన్‌డ్రైవ్ లే లో” అన్నాడు. హైవే దాటితే నోయిడా. ప్రపంచంలోనే ఖాళీ డిస్కులు చేసే పెద్ద కంపెనీల్లో ఒకటైన మోజర్ బేర్ ఫ్యాక్టరీలు అక్కడా, గ్రేటర్ నోయిడాలోనూ ఉండేవి. వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 అంటూ సినిమాలు అమ్మి బజారుని కుదిపిందీ వాళ్లే. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్లింది. ఏటి ఒడ్డున కూర్చుని నీళ్లు కొనుక్కున్నట్టు నేను ఆన్‌లైన్లో పది డిస్కులు తెప్పించుకున్నాను. అట్ట మీద 4.7 జీబీ, కంప్యూటర్లో 4.38. కంపెనీ వెయ్యితో కొలుస్తుంది, కంప్యూటర్ 1024తో. బజారు సోలకీ ఇంటి సోలకీ ఉన్న తేడాయే.

మొదటిది తొందరపడి 8ఎక్స్‌లో రాశాను. టీవీలో పెడితే పంతులుగారు నత్తిగా మంత్రాలు చెప్పారు. రెండోదాంట్లో మెనూ ఎందుకులెమ్మని బొమ్మ ఉన్న వీఓబీ ఫైళ్లు మాత్రం లాగి వేశాను. ఏది ముందో ఏది వెనకో చెప్పే ఐఎఫ్ఓ ఫైలు లేకపోతే ప్లేయర్‌కి దిక్కు తెలియదట. ఆ ఐఎఫ్ఓకి పక్కనే బీయూపీ అని నకలు కూడా పెట్టి ఉంటుంది; డీవీడీని రూపొందించినవాళ్లు మా అమ్మలాంటివాళ్లు. మూడోది ఇమేజ్‌ని ఉన్నదున్నట్టు, 4ఎక్స్‌లో, వెరిఫై చేయించి రాశాను. చెడిన రెండిటినీ పావురాలు బెదురుతాయని మా ఆవిడ బాల్కనీలో దారానికి కట్టింది. ఓ పావురం వాటి పక్కనే గూడు పెట్టుకుంది.

రెండు ప్రతులు కలిపినా దక్కనిది పదకొండు సెకన్లు. వడ్డించే ఆయన పెరుగు గరిటె ఎత్తుతాడు, బొమ్మ ఆకుపచ్చ గళ్లుగా విచ్చిపోతుంది, మళ్లీ కలిసేసరికి నాన్న కండువాతో మూతి తుడుచుకుంటూ ఉంటాడు.

డిస్కులు అందాక అక్క ఫోన్ చేసింది. “పెరుగు దగ్గర ఏమైందిరా? నాన్న వేయించుకున్నాడా, వద్దన్నాడా?”

“అక్కడ గ్రంథపాతం, అక్కా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. “రెండుసార్లు వేయించుకునుంటాడ్లే” అంది.