తుపాకుల లెక్క, మనుషుల లెక్క

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి వెళ్లే దారిలో, చలికాలం వలిసె పూసిందంటే కొండవాలు పొడుగునా పసుపే. కొత్తపల్లి జలపాతానికి వచ్చేవాళ్లు, లంబసింగి మంచు చూడబోయేవాళ్లు ఆ చేలల్లో దిగి ఫొటోలు తీసుకుంటారు. అదే దారిలో కూడళ్ల దగ్గర విల్లంబులు పట్టుకున్న అల్లూరి సీతారామరాజు విగ్రహాలు కనిపిస్తాయి. వాటి దగ్గర ఆగి దిమ్మెల మీద రాతలు చదవడం నాకు అలవాటు. ఆయన పేరుంటుంది. ఆవిష్కరించిన నాయకుల పేర్లుంటాయి. ఒక్కోచోట చందాలిచ్చినవాళ్ల పేర్లూ ఉంటాయి. ఆయన వెంట నడిచి ప్రాణాలిచ్చిన కొండవాళ్ల పేర్లు మాత్రం నా కంటపడలేదు.

తెల్లవాళ్ల మీద ఆయన నడిపిన పోరాటాన్ని మన్యంలో పితూరీ అనే అంటారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. మూడు రోజుల్లో 26 తుపాకులు చేతికొచ్చాయి. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8. ఎత్తుకెళ్లిన ఆయుధాల జాబితా రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు సీతారామరాజు. అందుకే నూరేళ్లు దాటినా తుపాకుల లెక్క స్టేషన్ల వారీగా చెప్పగలుగుతున్నాం. ఆ తుపాకులు మోసిన భుజాలెవరివి, వాటిలో ఎన్ని భుజాలు ఇల్లు చేరాయి అని అడిగితే చరిత్ర పుస్తకాలు నాలుగైదు పేర్లు చెప్పి ఆగిపోతాయి.

వాళ్లెందుకు వెళ్లారో మాత్రం బాగా తెలుసు. 1882 నాటి అటవీ చట్టం పోడును నేరం చేసింది. తాతల నాటి నుంచి కొట్టుకున్న కొండ సర్కారుదైపోయింది. పైగా నర్సీపట్నం నుంచి లంబసింగికి ఘాట్ రోడ్డు పని. రోజుకు ఆరణాలు కూలి మంజూరైతే కొండవాడి చేతిలో పడింది రెండణాలు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు పితూరీ కథల్లో ఇంకా వినబడుతుంది, చేసిన దుర్మార్గానికి. బతకనియ్యనివాడి పేరు నిలిచి, బతుకు కోసం చచ్చినవాడి పేరు పోవడం నాకు మింగుడుపడదు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పితూరీదార్ల తూటాలకు పడిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. వాళ్లూ ఎవరో తల్లుల బిడ్డలే. పరాయి దేశంలో పోయిన కొడుకు ఎక్కడ పడుకున్నాడో ఆ తల్లులకు తెలియాలి, రాయి మీద పేరుండాలి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే ఏడాది డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వైపు మలబారు పోలీసులు మెషిన్ గన్లతో కాల్చినప్పుడు పడిపోయిన కొండవాళ్లకు అలాంటి రాయి దక్కలేదు. ఆ రోజు చనిపోయినవాళ్లు డజను మంది దాకా అని రాస్తారు. డజను అంటే అంకె. ఏ ఊరివాళ్లు, ఏ ఇంటివాళ్లు, ఎవరి మొగుళ్లు, ఎవరి అన్నలు అన్నది ఆ అంకెలో లేదు.

ఈ అన్యాయం మన కొండలకే పరిమితం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో చనిపోయినవాళ్ల కోసం బస్రాలో బ్రిటిష్‌వాళ్లు పెద్ద స్మారకం కట్టారు. బ్రిటిష్ సైనికుల పేర్లన్నీ చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిల దగ్గరకొచ్చేసరికి రెజిమెంటు పేరు రాసి, పక్కన ఇంతమంది అని అంకె వేశారు. అలా అంకెలైపోయినవాళ్లు 33 వేలకు పైనే. చాలా ఆలస్యంగా, 2021లో, యుద్ధ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ సంస్థ ఈ వివక్ష నిజమేనని ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. తమ కోసం పోరాడినవాడి పేరే రాయనివాళ్లు, తమ మీద పోరాడిన కొండవాడి పేరు రాస్తారని అనుకోలేం. ఆ పని మనది. స్వాతంత్ర్యం వచ్చాకైనా మనం చేయాల్సింది.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చూడండి. మిలిటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. మొదటి యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని చెప్పుకుంటారు. సైన్యంలో చేరినవాడికి చిట్టాలో పేరుంటుంది, ఊరుంటుంది. ఇంటికి మనియార్డర్ వస్తుంది, చనిపోతే కబురొస్తుంది. ఆ ఊరు తన మనుషుల్ని లెక్కపెట్టుకోగలిగింది. పితూరీలోకి వెళ్లినవాడికి ఏ చిట్టా? వాడి పేరు రాసింది పోలీసులే, అదీ దొరికితేనే. అడవిలో పడిపోయినవాడి కోసం గట్టిగా ఏడవడానికి కూడా భయం. ఏడిస్తే ఆ ఇల్లు పితూరీదారు ఇల్లని తెలిసిపోతుంది.

పేర్లు దక్కిన కొద్దిమందిని తలుచుకున్నా మనసు బరువెక్కుతుంది. బట్టిపనుకుల గాము సోదరుల్లో పెద్దవాడు గంటం దొర. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపాక నెల తిరిగేసరికి ఆయన్నీ చంపారు. తమ్ముడు మల్లు దొరకు పడిన ఉరిశిక్ష అండమాన్ శిక్షగా మారింది. బతికి తిరిగొచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మరో అనుచరుడు అగ్గిరాజు అండమాన్ నుంచి తిరిగి రానేలేదు. గంటం దొరకు కృష్ణదేవిపేటలో, సీతారామరాజు పక్కన సమాధి ఉంది. నాయకుడి పక్కన అనుచరుడికీ చోటిచ్చిన ఆ మట్టంటే నాకు ఎంతో గౌరవం.

కొరాపుట్ వైపు గదబలు పోయినవాళ్ల కోసం రాళ్లు నిలబెడతారు. ఆ రాళ్ల మీద అక్షరం ఉండదు. పేరు ఇంటివాళ్ల నోట్లో ఉంటుంది. చెప్పే నోరున్నంత కాలం అది చాలు, శాసనం కన్నా నమ్మకమైనదే. కానీ పితూరీని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. వాళ్ల ఒళ్లో కూర్చుని విన్న పిల్లలకే ఇప్పుడు నడుం వంగిపోయింది. ఇంకో పదేళ్లయితే, ఫలానా కొండ మీద మా తాత అన్న పడిపోయాడట అని చెప్పే మనిషి కూడా దొరకరు.

చింతపల్లి మండలం తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. అది కావాలి. కానీ ఆ గోడ మీద ఏం రాయాలన్నది ఇంజనీర్లకూ అధికారులకూ తెలిసే సంగతి కాదు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం, కొయ్యూరు పల్లెల్లో ముసలివాళ్లకే తెలుసు. ప్రతి పంచాయతీ ఒక్క గ్రామసభను ఇందుకోసమే పెట్టాలి. వచ్చిన పేరు పాత దస్త్రాల్లో దొరికితే మంచిది, దొరకకపోయినా రాయాలి. మీది ఈ కొండల్లోని ఊరైతే, పితూరీకి వెళ్లి తిరిగి రానివాళ్లు మీ ఇంటిపేరులో ఎవరైనా ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. పేరు, ఊరు, ఎవరి కొడుకో కాగితం మీద రాసి ఒక ప్రతి పంచాయతీకి, ఇంకొకటి బడికి ఇవ్వండి. రాయి సంగతి తర్వాత చూసుకోవచ్చు.