నేతగత్తె

నా పుట్టినిల్లు జొన్నగిరి. తొలకరి వానలు కురియగానే అచ్చటి చేలలో జనులు వంగి వజ్రములకై వెదకుచుందురు. కాలిక్రింది రాతిని గుర్తింపక త్రొక్కిపోవువారే యెక్కువ. ఆ మాట నాకును వర్తించునని చాలకాలమునకుగాని తెలియలేదు.

నన్ను ఎమ్మిగనూరిలోని నేతవారింటి కిచ్చిరి. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారల సహకార సంఘమువలన పేరొందిన యూరది. మా యత్తగారు వేకువనే లేచి రాట్నముముందు కూర్చుండి కండెలు చుట్టుదురు. పడుగునకు గంజి పెట్టుదురు. ఆమె కండె యందీయనిదే మగ్గమున నాడె కదలదు.

ఒకనాడొక పత్రము నింపవలసివచ్చెను. మామగారి పేరున కెదుట ‘నేత’ యని వ్రాసితిని. అత్తగారి పేరున కెదుట ‘పని లేదు’ అని వ్రాసితిని.

"ఏమి వ్రాసితివమ్మా?" యని యామె యడిగిరి.

"అంతయు సరిగానే వ్రాసితిని" అంటిని. ఆమెకు చదువు రాదు.

పిదప మా యమ్మాయికి పాఠము చెప్పుటకై ఐగుప్తు దేశపు దేవతలనుగూర్చి చదివితిని. వారిలో నీత్ అను నాదిదేవి కలదు. నైలునది పాయల నడుమనున్న సయీసు పట్టణ మామె పీఠము. సృష్టికి పూర్వమున్న జలరాశినుండి ఆమె తనంత తాను వెలువడి, ఏడు మాటలతో లోకమును సృజించెననియు, సూర్యునికి తల్లి యయ్యెననియు ఎస్నా దేవాలయపు గోడలపై వ్రాయబడియున్నది. విల్లమ్ములు తాల్చు నాతల్లియే నేతకును అధిదేవత. మృతదేహములకు చుట్టు అవిసెనార వస్త్రము ఆమె ప్రసాదమని యాదేశీయులు నమ్మిరి.

నందవరమున వెలసిన చౌడేశ్వరియు నేతవారి వేల్పే కదా! దేవలముని విష్ణునాభికమలమునుండి నూలు తెచ్చునపుడు రాక్షసు లడ్డగింపగా ఆ తల్లియే కాచెనని మా పెద్దలు చెప్పుదురు. రెండు దేశములవారును నేతకు తల్లినే అధిపతిని జేసిరి. నేనో, నాయింటి నేతగత్తెకు పనియే లేదని వ్రాసితిని!

సయీసు ఉత్సవపు రాత్రి, అచ్చటికి పోలేనివారు ఐగుప్తు దేశమంతట తమ యిండ్లయొద్దనే దీపములు వెలిగించెడివారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. కార్తికమాసమున ఒక సాయంకాలము తులసికోటకడ దీపము పెట్టి, అత్తగారి కాకథ చెప్పి, నా తప్పు నొప్పుకొంటిని. ఆమె బదులు పలుకలేదు.

సోదరీమణులారా! మన చేతిలోని కలము మన యింటివారి శ్రమను చెరిపివేయకుండుగాక.

మరల పత్రము వచ్చినపుడు ఆమె పేరున కెదుట ‘నేత’ యని వ్రాసి, బిగ్గరగా చదివి వినిపించితిని. ఆమె క్షణకాలము రాట్నము నిలిపిరి.

"సరే కాని, ఈ కండె మగ్గమున కందీయుము; మీ మామ ఎదురు చూచుచున్నాడు" అనిరి.