తెర మీది వాన వయసెంత?
సరదాకి చిన్న విమానాలు నడిపే అమెరికన్ పైలట్లకు ఇప్పుడు వాతావరణ రాడార్ బొమ్మ కళ్లముందే రంగుల్లో కనిపిస్తుంది. పక్కన "1 నిమిషం" అని ఉంటుంది. అది బొమ్మను కూర్చి ఎంతసేపైందో చెప్పే లెక్క మాత్రమే; అందులోని వాన ఒక్కోసారి దానికన్నా 15, 20 నిమిషాలు పాతది కావచ్చు. 2012లో అక్కడి రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ, ప్రాణాలు తీసిన ప్రమాదాలను చూపించి మరీ ఈ హెచ్చరిక చేసింది. ఆ 15, 20 నిమిషాల్లో ఉరుముల మబ్బు మైళ్ల కొద్దీ జరిగిపోతుంది, కొత్తది పుట్టుకొస్తుంది కూడా.

ఏమీ లేనిదానికంటే పాత బొమ్మే నయం కదా అంటారు. నిజమే, గాలివానను దూరం నుంచే తప్పుకుని వెళ్లడానికైతే. రెండు ఎర్ర మచ్చల మధ్య సందు చూసుకుని దూరడానికి మాత్రం కాదు. నాకు భయం అక్కడే: తెర లేకపోతే అలా దూరిన పైలట్ వెనక్కి తిరిగి ఉండేవాడేమో! శిక్షణలో మీటల కంటే ముందు ఈ లెక్క నేర్పాలి. తయారీదారులు కూడా బొమ్మ వయసు కాదు, వాన వయసు చూపించాలి.