గిరిలో చార్మినార్

బడికి పోయేటప్పుడు మా కళ్లు ఎప్పుడూ నేలమీదే ఉండేవి. ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ ఉన్న చీరాల మాది. ఊళ్లో పొగాకుకీ పొగరాయుళ్లకీ కొదవలేదు. కిళ్లీకొట్ల ముందు, బస్టాండులో, సినిమా హాలు గోడ వారన పారేసిన ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరేవాళ్లం. బొమ్మ ఉన్న అట్ట చించి, అంచులు సాపు చేస్తే అదే బచ్చా. "ఆ ఎంగిలి పెట్టెలు ఇంట్లోకి తేకురా" అని నాయనమ్మ రోజూ తిట్టేది. అందుకని దొడ్లో, కట్టెల చాటున దాచేవాణ్ణి.

రేట్లు మేమే కట్టేవాళ్లం. హైదరాబాదు వజీర్ సుల్తాన్ కంపెనీవారి పసుపుపచ్చ చార్మినార్ అడుగడుక్కీ దొరికేది, కనక అది చిల్లర కింద లెక్క. రిక్షా తొక్కేవాడూ అదే, మా లెక్కల మేష్టారూ అదే. కత్తెర మార్కు కాస్త నయం. టోపీ దొర బొమ్మ ఉన్న పాసింగ్ షో యాభై. గోల్డ్‌ఫ్లేక్ వంద. అది కావాలంటే పొగాకు బయ్యర్ల ఇళ్ల వైపు పోవాల్సిందే. ఎవరు ఏది కాలుస్తారో, ఎవరు పెద్ద బ్రాండు నుంచి చార్మినార్‌కి దిగారో, ఊళ్లో అందరికంటే ముందు మాకే తెలిసేది. అప్పులవాళ్లకి కూడా అంత సమాచారం ఉండేది కాదనుకుంటాను.

సాయంత్రం మట్టిలో గిరి గీసి, మధ్యలో అందరి బచ్చాలూ పేర్చేవాళ్లం. దూరాన గీసిన గీత దగ్గర నిలబడి బిళ్లరాయి విసరాలి. గిరి దాటి బయటపడ్డవి కొట్టినవాడివే. గోల్డ్‌ఫ్లేక్ పోగొట్టుకున్నవాడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

అమెరికా పిల్లలు దాచుకునే బేస్‌బాల్ కార్డుల గురించి పెద్దయ్యాక చదివాను. వాటి పుట్టుకా పొగాకులోనే! సిగరెట్లు నలగకుండా పెట్టెలో ఒక గట్టి అట్ట పెట్టేవారు. దాని మీదికి ఆటగాళ్ల బొమ్మలు ఎక్కాయి. 1909-11 మధ్య అలా వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. పొగాకుతో పాటు తన బొమ్మ పిల్లల చేతుల్లో పడడం ఇష్టంలేక వాగ్నర్ దాన్ని ఆపించాడని ఒక కథ, డబ్బు దగ్గర పేచీ అని మరో కథ. ఏదైతేనేం, బయటికొచ్చినవి కొన్నే. దొరకనిదానికే రేటు అన్న సూత్రం వాళ్లదీ మాదీ ఒకటే. తేడా అల్లా, అక్కడ కార్డు మూల కాస్త నలిగినా ధర పడిపోతుంది. మేం మా ఆస్తిని రోజూ రాళ్లతో కొట్టుకున్నాం. ఒక్కటీ మిగల్లేదు.

2016 ఏప్రిల్ నుంచి మన సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగా హెచ్చరిక బొమ్మదే. దాన్ని ఏ పిల్లాడూ ఏరుకుని దాచుకోడు. అందుకు నాకేం బాధ లేదు.