కాళ్ల కింద కిటికీ

ఎక్కటం ఎవరైనా ఎక్కుతారండీ. దిగటంలోనే ఉంది సంగతంతా. చెట్టయినా, మేడయినా, అధికారమైనా అంతే. నెలలు నిండిన కడుపుతో మేడమెట్లు దిగిన ఆడదానికి ఈ ముక్క ఒకరు చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు ఆయాసమే గాని భయం ఉండదు. దిగేటప్పుడు మాత్రం తన కాళ్లు తనకే కనిపించవు. కింద మెట్టుందో లేదో పాదంతో తడిమి చూసుకోవాలి. ఆరేసిన బట్టల మోపు గుండెలకి హత్తుకుని డాబా దిగినా ఇదే తంతు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటారా? మా ఇంట్లో ఆర్నెల్లుగా హెలికాప్టర్ దిగుతోంది. దిగుతోందంటే, దిగబోయి కూలిపోతోంది. కంగారుపడకండి, కంప్యూటర్లో!

మావాడికి హెలికాప్టర్ పైలట్ శిక్షణలో సీటొచ్చింది. వెళ్లేలోగా చెయ్యి కాస్త తిరుగుతుందని ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్నాడు. ఇంట్లో ఎన్ని గంటలు తిప్పినా లైసెన్సుకి ఒక్క గంట కూడా లెక్కలోకి రాదట. అయినా పట్టు వదల్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఈ సరుకుని మొదట 1982లోనే తెచ్చారు. 2020లో వచ్చిన కొత్తదానిలో హెలికాప్టర్లు మాత్రం 2022 నవంబరులో గాని చేరలేదు. వాడు బెజవాడలో లేస్తాడు, కృష్ణమ్మ మీదుగా ప్రకాశం బారేజీ చుట్టొస్తాడు, అంతా బ్రహ్మాండం. నేల దగ్గరికొచ్చేసరికి ధబ్!

ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా అత్తయ్యగారు జపమాల ఆపి, "రాజశేఖరరెడ్డి గారంతటి వారికే తప్పలేదు, వీడికెందుకే ఈ చదువు?" అంటారు. 2009 సెప్టెంబరు 2 మన వాళ్లెవరూ మరిచిపోలేరు. నల్లమలలో జరిగిన ఆ ప్రమాదం వేరు, ఆనాటి వాన వేరు అని ఆవిడకి చెబుతాను గాని, నా గుండె దడ నాకుంటుంది. చివరికి వాణ్ణే అడిగాను.

"ఏరా, ఇంత బాగా తిప్పేవాడివి, దింపటం దగ్గర ఏమొచ్చింది?"

"కింద కనపడట్లేదమ్మా."

అంతే. కడుపుతో మెట్లు దిగిన రోజులు గుర్తొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నిజం హెలికాప్టర్లో పైలట్ పాదాలు పెడల్స్ మీదుంటాయి. చాలావాటిలో ఆ పాదాల దగ్గరే ముక్కు కింద అద్దాలుంటాయి. ఇంగ్లీషులో చిన్ విండో అంటారు, మన భాషలో గడ్డం కిటికీ అనుకోండి. 1946లో అమెరికాలో మొట్టమొదట పౌర అవసరాలకి అనుమతి పొందిన బెల్ 47కయితే ముందుభాగమంతా గాజుబుడగే. షోకు కోసం పెట్టింది కాదది. దిగటానికి వేగం తగ్గించేటప్పుడు హెలికాప్టర్ ముక్కు పైకెత్తుతుంది. ఎక్కడ దిగాలో సరిగ్గా ఆ చోటే ముక్కు చాటుకి పోతుంది. అప్పుడు దిక్కు ఆ కిటికీలే.

ఇంకో ముచ్చట చెప్పాడు. దిగేటప్పుడు నేల ఎంత వేగంగా జరుగుతున్నట్టు కనిపించాలంటే, మనిషి చురుగ్గా నడిచే వేగమంత అని నేర్పుతారట. అన్ని గడియారాలూ ముల్లులూ పెట్టుకుని, చివరికి కొలత మాత్రం మన నడకే! ఆ లెక్క తప్పి, ముందుకు వేగం లేకుండా నిట్టనిలువునా గబగబా దిగిందంటే, తన రెక్కలు కిందికి తోసిన గాలి సుడిలో తనే చిక్కుకుని కుంగిపోతుంది.

మరి బల్ల మీది కంప్యూటర్లో ఏం కనిపిస్తుంది? 27 అంగుళాల తెర రెండడుగుల దూరాన పెట్టుకుంటే, నిలువున మన కంటికి ఆనేది 30 డిగ్రీల పైచిలుకు. అందులో కిందివైపు వాటా 15. మామూలు మనిషి కన్ను తల వంచకుండానే కిందికి 70 డిగ్రీల దాకా పసిగడుతుంది. పైగా ఈ కాలపు తెరలన్నీ సినిమా కోసం అడ్డంగా సాగినవే. ఉన్న 15 డిగ్రీల్లోనూ మీటర్ల బల్లే సగం ఆక్రమిస్తుంది. ఇక నేలకి చోటేదీ?

వాడు చెయ్యని వైద్యం లేదు. మొదట సీటు పైకి జరిపాడు, అంటే బొమ్మలో పైలట్ కళ్ల ఎత్తు పెంచాడన్నమాట. రవ్వంత నయం. తర్వాత చూపు వెడల్పు చేశాడు. నేలయితే కనిపించింది గాని, దగ్గరున్నవన్నీ దూరమయ్యాయి. తలుపుకి పెట్టిన చిన్న రంధ్రంలోంచి చూస్తే గుమ్మంలో ఉన్న పాలవాడు వీధి చివర ఉన్నట్టుంటాడే, అలా. ఇంకా ఎత్తుందనుకుంటాడు, ధబ్! బొత్తాం నొక్కితే చూపు కిందికి తిరిగే ఏర్పాటు చేశాడు. అప్పుడు ఎదుటి ఆకాశపు అంచు మాయం. అది లేకపోతే బండి ఎటు ఒరిగిందో తెలియదు. తలకి పెట్టుకునేది ఒకటుంది. తల కాస్త వంచితే తెరమీది దృశ్యం బాగా వంగుతుంది, కళ్లు మాత్రం తెరనే పట్టుకుని ఉండాలి. కళ్లకి కట్టుకునే వీఆర్ ముసుగు వీటన్నిటికంటే మెరుగు. ఎత్తు, లోతు బాగా తెలుస్తాయి. కానీ దాని అంచు కింద అంతా చీకటి. కళ్లు దించితే లాభం లేదు, తలే దించాలి. ధర విని మావారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆఖరికి రెండో తెర. బల్ల కింద, పెడల్స్ ముందు, ఏటవాలుగా. కొనే పనిలేకుండా అత్తయ్యగారి గదిలో చిన్న టీవీ ఉంది. "నా సీరియలో?" అన్నారావిడ. మధ్యాహ్నం మనవడికి, సాయంత్రం నానమ్మకి అని ఒప్పందం కుదిరింది. పై తెరలో ఆగిన నేల కింది తెరలో అతుకు తెలియకుండా మొదలవ్వాలి. రెండు ముక్కల చీరకి అంచు కలిపి కుట్టినట్టు, కోణం సరిచూసుకోవటానికి వాడికి రెండ్రోజులు పట్టింది.

తీరా అంతా అమిరాక మళ్లీ ధబ్! ఈసారి కిందికే కళ్లప్పగించి కూర్చుంటున్నాడు. బండి వెనక్కీ పక్కకీ జారిపోతోంది. మా వీధి చివర ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన బాబాయిగారున్నారు. ఆయన వచ్చి కాసేపు చూసి, "అబ్బాయ్, చూపు ముందుకి, దూరంగా. కింద ఉన్నదాన్ని చూడకు. కనపడనీ, అంతే," అన్నారు. నావైపు తిరిగి, "కంటి నడిమి చూపు వివరం చదవటానికమ్మాయ్. అంచు చూపు కదలిక పట్టటానికి. ఆ కిటికీ అంచు చూపుకోసం," అన్నారు.

పొయ్యిమీద నూనె మరుగుతుంటే, కాళ్ల దగ్గర పాకే పిల్ల ఎక్కడుందో చూడకుండానే చెబుతాం మనం. అదే కాదుటండీ ఇది?

సరిగ్గా పొట్ట కిందున్నది మాత్రం ఏ కిటికీలోంచీ కనిపించదట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ డాబాల మీది జనానికి హెలికాప్టర్లు ఆహారం పొట్లాలు వేశాయి. అలాంటి పనుల్లో తలుపు దగ్గరున్న మనిషి కిందికి చూస్తూ, కుడికి, ఇంకాస్త, ఆగు అని పైలట్‌కి చెబుతూ ఉంటాడు. కన్ను చాలనిచోట తోటివాడి మాట.

అసలు శిక్షణ యంత్రాల్లో ఈ కిందిచూపుకే చాలా ఖర్చు పెడతారు. అమెరికా నిబంధనల్లో అన్నిటికంటే పై తరగతి హెలికాప్టర్ సిమ్యులేటర్‌కి దృశ్యం అడ్డంగా 176 డిగ్రీలు, నిలువున 56 డిగ్రీలు ఉండాలి. మన బెంగుళూరులో హెచ్.ఎ.ఎల్., కెనడా వారి సి.ఎ.ఇ. కలిసి పెట్టిన హాట్సాఫ్ అలాంటి శిక్షణాలయమే. అయినా గడ్డిపోచలూ గులకరాళ్లూ చూసి ఎత్తు అంచనా వేసే అసలు పైలట్‌కి ఎంత మంచి బొమ్మనేలయినా కాస్త నున్నగానే ఉంటుందట.

ఇప్పుడు మావాడు పదిసార్లలో ఎనిమిదిసార్లు పువ్వులా దింపుతున్నాడు. వచ్చే నెల ప్రయాణం. అక్కడ నిజం నేల, నిజం గాలి. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోలేను. పిల్లల్ని రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంటే వాళ్లూ తొట్రుపడతారు, మనమూ జారిపోతాం. అసలు చూడకుండా ఉండటమా, అది మనవల్ల అయ్యే పని కాదు. బాబాయిగారు చెప్పిందే మేలు. చూపు ముందుకి, వాడు కంటి అంచున.

ఈ మాటే మావారితో అంటే, "ఆ అంచున కాస్త కరెంటు బిల్లుకి కూడా చోటుంచు," అన్నారు.