రెండో చిల్లు

పదిహేను కిలోల నూనె డబ్బా ఇంటికొస్తే మా అమ్మ దానికి రెండు చిల్లులు పొడిచేది. ఒక మూల మేకు పెట్టి ఒక్క దెబ్బ, ఎదురు మూల ఇంకో దెబ్బ. రెండోది ఎందుకమ్మా అంటే, "దానికి ఊపిరాడొద్దూ?" అనేది. ఆ రెండో చిల్లు లేకుండా వంచితే నూనె గుడగుడమంటూ ఆగి, ఆగి, ఒక్కసారిగా దూకి పొయ్యిగట్టంతా పాడుచేస్తుంది. ఇంత తెలిసిన ఇంట్లో పుట్టి కూడా నేను నడి కృష్ణలో పడవ ఆపుకున్నాను.

మాది కొండపల్లి. లోకానికది బొమ్మల ఊరు. ఊళ్లో ఉండేవాళ్లకి ఇంకో కొండపల్లి కూడా కనిపిస్తుంది: ఆయిల్ కంపెనీల పెద్ద పెద్ద ట్యాంకులు, రోడ్డు పక్కన వరసకట్టిన ట్యాంకరు లారీలు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే పెట్రోలు పైపులైనుకి విజయవాడ మజిలీ అంటే మా ఊరే. అంత చమురు పక్కన పెరిగినా, ట్యాంకు అనేది ఎలా బతుకుతుందో నాకు తెలిసింది పాతిక లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ డబ్బా దగ్గర.

ఆ డబ్బా మా బాబాయిది. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఆయనకి చిన్న ఫైబర్ పడవ, వెనక తగిలించే పెట్రోలు ఇంజను ఉన్నాయి. డబ్బా పడవలో విడిగా కూర్చుంటుంది. దాన్నుంచి ఇంజనుకి నల్ల గొట్టం, గొట్టం మధ్యలో పిడికిట్లో పట్టేంత రబ్బరు బుడ్డ. బయల్దేరేముందు బుడ్డని నాలుగుసార్లు పిసికితే పెట్రోలు ఇంజను దాకా ఎక్కుతుంది. డబ్బా మూత మీద బొటనవేలంత మర ఒకటి ఉంటుంది. బాబాయి దాన్ని గాలిమర అంటాడు. ఒకవైపు తిప్పితే గాలికి దారి, రెండోవైపు తిప్పితే మూత.

ఆ ఆదివారం నన్ను డబ్బా పక్కన కూర్చోబెట్టి, "ఏరా, మర తిప్పావా?" అన్నాడు. తిప్పాను బాబాయ్ అన్నాను. అబద్ధం కాదు. కాకపోతే బిగించే వైపు తిప్పాను.

తాడు ఒక్క లాగుకి ఇంజను అందుకుంది. కాసేపు బ్రహ్మాండంగా నడిచింది. ఏటి మధ్యకి వచ్చాక గొంతు సన్నబడింది, ఒకసారి ఎగిరి, ఒకసారి కుంగి, ఠక్కున ఆగింది. మళ్లీ లాగితే అందుకోవడం, నాలుగు గజాలు పోయి ఆగిపోవడం. అప్పుడు చూశాను రబ్బరు బుడ్డని. నీళ్లు పీల్చేసిన తాటి ముంజలా చప్పగా అణిగిపోయి ఉంది. డబ్బా పక్కలు కూడా లోపలికి గుంటపడ్డాయి.

ఇంజను ఆగిన పడవకి దిక్కు ఒకటే, దిగువ. దిగువన ప్రకాశం బ్యారేజీ. 2024 సెప్టెంబరు వరదలో కట్లు తెంచుకున్న బరువైన పడవలు వెళ్లి దాని గేట్లని గుద్దిన సంగతి గుర్తొచ్చింది. అంతకన్నా ముందు గుర్తొచ్చింది 2017 నవంబరు 12. ఆ సాయంత్రం ఈ ఫెర్రీ దగ్గరే పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. దానికీ పెట్రోలుకీ సంబంధం లేదు, తెలుసు. కానీ ఆ నీళ్ల మీద ఇంజను చప్పుడు ఆగితే మా వైపు వాళ్లెవరికైనా అదే గుర్తొస్తుంది.

బాబాయి కంగారు పడలేదు. తెడ్డు నాకిచ్చి, డబ్బా దగ్గరికొచ్చి, మరని అర చుట్టు తిప్పాడు. సుయ్యిమంది. లోపలికి పోయిన ప్లాస్టిక్ పక్కలు టప్పున బయటికొచ్చాయి. బుడ్డ పిసికి తాడు లాగాడు, అంతే. నన్ను ఒక్క మాటనలేదు. అంటే బాగుండేది.

ఇంజను పెట్రోలుని లాక్కుంటుందనుకుంటాం. సగమే నిజం. దానికుండే చిన్న పంపు కొద్దిపాటి వెలితి చేస్తుంది. ఆ వెలితిలోకి పెట్రోలుని నెట్టేది మన నెత్తిమీదున్న గాలి, చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలో బరువున. డబ్బాలోంచి లీటరు పెట్రోలు పోతే ఆ చోటుని లీటరు గాలి నింపాలి. నింపకపోతే లోపల మిగిలిన గాలి సాగి సాగి పలచబడుతుంది. కొన్ని నిమిషాలు బండి నడిచేది ఆ సాగుడు మీదే. ఆ తరవాత డబ్బాలో వెలితికీ పంపు చేసే వెలితికీ పోటీ పడుతుంది, పంపు ఓడిపోతుంది. డీజిలు ఇంజన్ల సరంగులు "గాలి పట్టింది" అని తిట్టుకుంటూ పైపులు విప్పుతుంటారు. వాళ్లకి గాలి దూరడం జబ్బు, మాకు దూరకపోవడం జబ్బు.

అలాగని మరని ఎప్పుడూ తెరిచే ఉంచితే సరిపోతుందా అంటే, అది ఇంకా ప్రమాదం. ఒడ్డుకొచ్చి డబ్బాని మోసేటప్పుడు మర మూసే ఉండాలి. లేకపోతే ఒలుకుతుంది, ఆవిరి కక్కుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పడవ అడుగున వల కింద, చెత్తనీళ్ల మీద పరుచుకుని కూర్చుంటుంది, ఎవరో బీడీ ముట్టించేదాకా. మూసిన డబ్బాని ఎండలో వదిలితే ఇంకో తమాషా. ఇరవై డిగ్రీల వేడి పెరిగితే పాతిక లీటర్ల పెట్రోలు అర లీటరు దాకా పెరుగుతుంది. మా ఎండకి అదేం పెద్ద లెక్క కాదు. ఆవిరి ఒత్తిడి వేరే. డబ్బా పొట్ట ఉబ్బుతుంది. గొట్టం తగిలించే ఉంటే పెట్రోలుని ఇంజనులోకి తోసేస్తుంది. అందుకే బాబాయి అంచుదాకా పోయించడు, ఒడ్డెక్కగానే గొట్టం పీకేస్తాడు, ఉబ్బిన డబ్బాని నీడకి తెచ్చి మరని గోరంత గోరంత వదులు చేస్తాడు.

ట్యాంకు పడవలోనే బిగించి ఉంటే మర ఉండదు, పక్కకి తీసిన సన్న గొట్టం ఉంటుంది. నీళ్లు దూరకుండా దాన్ని పైకెత్తి వంపు తిప్పుతారు. దాన్ని మూసేవాళ్లకి కరువు లేదు: మట్టిగూడు కట్టే కందిరీగ, రంగు వేసే కుర్రాడు, ఒడ్డు బురద. పెట్రోలు పోస్తుంటే వెనక్కి చిమ్మిందంటే ముందు అక్కడ చూడాలి. అమెరికా కోస్ట్ గార్డ్ నియమాల్లో ఆ గాలిదారికి మంట లోపలికి పోకుండా అడ్డు ఉండాలని ఉంది. ఆ అడ్డు శుభ్రం చేసుకోవడానికి వీలయ్యేదై ఉండాలని కూడా రాశారు. ఆ ఒక్క మాట రాసినవాడు ఎప్పుడో ఒకసారి కందిరీగ గూడు పీకే ఉంటాడని నా అనుమానం.

మా ఊరి పెద్ద ట్యాంకులదీ ఇదే కథ. కప్పు కదలని ట్యాంకు పగలు వేడికి ఊపిరి వదులుతుంది, రాత్రి చల్లబడి పీలుస్తుంది. దానికి నెత్తిన కవాటాలుంటాయి. కర్మాగార ప్రమాదాల మీద పుస్తకాలు రాసిన బ్రిటిష్ ఇంజనీరు ట్రెవర్ క్లెట్జ్, గాలి గొట్టానికి ప్లాస్టిక్ సంచి కట్టినందుకే లోపలికి నలిగిపోయిన ఉక్కు ట్యాంకుల గురించి చెప్పాడు. ఇప్పుడు స్టేషను వైపు వెళ్లినప్పుడల్లా ఆ ట్యాంకుల నెత్తి వైపే చూస్తున్నాను. అమ్మ చూస్తే రెండో చిల్లు ఎక్కడుందని అడిగేది.

బాబాయి ఇప్పుడు "మర తిప్పావా" అనడు, "మర ఎటుంది" అంటాడు. నేను బొమ్మల కాలనీలో తెలిసినాయన దగ్గర మర మీద పసుపు చుక్క వేయించుకొచ్చాను, చుక్క ఇంజను వైపుంటే తెరిచినట్టు. పొణికి చెక్క బొమ్మ మీదైతే ఏళ్లు నిలిచే రంగది. మా మర మీద నెల తిరగలేదు, పెట్రోలు తగిలి కరిగిపోయింది. మొన్న మళ్లీ వేయించాను.